లోపలి మడత

మే 27, సోమవారం

పొద్దున ఫ్యాక్టరీలో మక్కజొన్న పొట్టు ఆరబెట్టే డ్రైయర్ దగ్గరికి వెళ్లేసరికి నా కింద పనిచేసే గోపాల్ ఎదురొచ్చి, "అన్నా, లంగ చినిగింది" అన్నాడు. వెనకే కొత్త మేనేజర్ వస్తున్నాడు. ఆయనది గుంటూరు వైపు. ఠక్కున ఆగి, "పొద్దున్నే ఎవర్నయ్యా తిడుతున్నావ్?" అన్నాడు. మా దగ్గర లంగ అంటే మోసగాడని తిట్టు కూడా, వచ్చినప్పటి నుంచి ఆయన విన్నది అదే. గోపాల్ గుటకలు మింగుతుంటే నేనే చెప్పాను. తిరిగే డ్రమ్ముకూ, కదలకుండా ఉండే దాని మూతికీ మధ్య సందు మూయడానికి చుట్టూ గుడ్డ కడతాం సార్, చూడ్డానికి ఆడవాళ్ల లంగలా ఉంటుంది కాబట్టి అలా అంటాం అని. "ఫ్లెక్సిబుల్ సీల్ అనండి, బాగుంటుంది" అన్నాడు. సరే అన్నాం. ఆయన అటు తిరగ్గానే గోపాల్ "ఫ్లెక్సిబుల్ లంగ" అన్నాడు. ఇదివరకైతే నవ్వేవాణ్ణి.

చిరుగు మూరెడు ఉంది. డ్రమ్ము బయటి గాలిని లోపలికి పీలుస్తోంది. మక్కపొట్టు తడితడిగా వస్తోంది. అలాగే సంచుల్లో పోస్తే బూజు పడుతుంది, బర్రెలు కూడా ముట్టవు. కంపెనీ నుంచి కొత్త సీల్ రావాలంటే నెల పైనే. గుడ్డ చుట్ట మాత్రం స్టోర్‌లో ఉంది. ఎక్కడో ఒకచోట కుట్టించుకుని, షట్‌డౌన్ చేసి, అంటే డ్రమ్ము ఆపి, మేమే బిగించుకోవాలి. అప్పటిదాకా గోనెసంచులు చుట్టి నడపమన్నారు.

ఇంటికొచ్చేసరికి ఆదిలాబాద్ దగ్గరి బోథ్ నుంచి అత్తమ్మ వచ్చి ఉంది. వంకాయ కూర చేసింది. నేను తినేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"బడి తెరిచేటాల్లకు పోరిని నా ఎంబడి తీస్కపోత బిడ్డా. ఎనిమిది ఆడ్నే చదువుతది. ఈడ ఇంట్ల ఆడదిక్కు లేకపాయె. రేపో మాపో ఈడుకొస్తది. నువ్వు డ్యూటీకి పోతే ఒక్కతే ఉండవట్టె. ఆడ నేనున్న, మా అరుణ్ ఉన్నడు, కోడలున్నది. కండ్లల్ల వెట్టుకొని సూసుకుంటం."

మా అమ్మాయి హర్షిణి గిన్నెలు తుడిచి సర్దుతోంది. ఒకే గ్లాసును తుడుస్తూ నా వైపు చూసింది.

"షట్‌డౌన్ అయినంక చూద్దాం అత్తమ్మా" అన్నాను.

అవును, షట్‌డౌన్ అయ్యాక చెప్తాను. ఇప్పుడు బుర్ర పని చేయడం లేదు.

మే 28

గోనెసంచి మాడింది. తడిపి మళ్లీ చుట్టాం.

మే 30, గురువారం

జమ్మికుంట వెళ్లాను. పత్తి మార్కెట్ పక్కన లింగమూర్తి అని ఒకాయన లారీల మీద కప్పే తాడ్‌పత్రీలు కుడతాడు. పాత పరిచయమే. పత్తి సీజన్ అయిపోయి యార్డు ఖాళీగా ఉంది. ఆయన దుకాణంలో ఈగలు తోలుకుంటున్నాడు.

"రా తమ్మీ, శాన దినాలాయె. ఇంట్ల అందరు మంచిగనేనా?"

"మంచిగనే అన్నా."

గుడ్డ పరిచి కొలతలు చెప్పాను. ఆయన సుద్దముక్కతో గీసుకుంటూ, "మడతెంత వెట్టాలె?" అన్నాడు.

"మడతేం వద్దు."

"వదులు లేకుంటనా?"

"ఇనుముకు తొడిగేదానికి వదులెందుకన్నా? ఇనుమేమన్న పెరుగుతదా? కొలిచింది కొలిచినట్టు కుట్టు."

నన్నొకసారి చూసి, సరే నీ ఇష్టం అన్నాడు. ఇది మామూలు గుడ్డ కాదు, వేడికి తట్టుకునే గాజునార గుడ్డ. సూదులు విరుగుతాయి. ఒంటికి తగిలితే దురద. ఆయన మోచేతుల దాకా ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని కుట్టాడు. నేను వట్టి చేతులతోనే పట్టుకున్నాను. నాకేం అనిపించలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఉండగా హర్షిణి ఫోన్ చేసింది.

"బాపు, అమ్మమ్మ నా పుస్తకాలు సంచిల వెట్టుమంటుంది. పెట్టాల్నా?"

బస్సులో ఎవరో పాటలు పెట్టారు. సరిగ్గా వినిపించలేదని అనుకోవచ్చు గానీ వినిపించింది.

"పెట్టు, ఏమైతది" అన్నాను.

"మంచిది" అని ఫోన్ పెట్టేసింది.

అక్కడైతే వేళకు తింటుంది. అక్కడ మనుషులున్నారు. దారి పొడుగునా ఇదే అనుకుంటూ వచ్చాను.

జూన్ 1, శనివారం

హర్షిణి బట్టలన్నీ దండేనికి ఒక కొసనే ఆరేస్తుంది. ఒకదాని మీద ఒకటి వేయడం వల్ల అవి ఆరవు. రెండో కొస వైపు వెళ్లదు. ఫిబ్రవరిలో వాళ్లమ్మ కోమల బట్టలు ఆరేస్తూ అక్కడే పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది.

దండెం వేరే గోడకు మార్చాలి. చిన్న పని. రెండు మేకులు కొడితే చాలు.

అన్నం దగ్గర హర్షిణి అడిగింది.

"నేను పోతే నువ్వేం తింటవ్ బాపు?"

"క్యాంటీన్ ఉన్నది గద."

"ఐతారం?" ఆదివారం క్యాంటీన్ ఉండదు.

"ఐతారం ఏదో ఒకటి."

తల ఊపింది. పెరుగు గిన్నె నా వైపు జరిపింది. ఆ పిల్ల ఇంకేదో అడగాలనుకుందేమో. నేను చేతులు కడుక్కోవడానికి లేచాను.

జూన్ 2

ఆదివారం. తెలంగాణ వచ్చిన రోజు, జెండా పండగ. ఫ్యాక్టరీలో లడ్డూ ఇచ్చారు. దండెం మార్చాలి.

జూన్ 4, మంగళవారం

డ్రమ్ము ఆపి కొత్త లంగ తొడిగాం. ఓట్ల లెక్కింపు కావడంతో అందరి చెవులూ ఫోన్లలోనే. గోపాల్ ఒక బోల్టు బిగించి ఒకసారి ఫోన్ చూస్తాడు. మధ్యలో చేతులు గోక్కుంటూ గాజునారను కనిపెట్టినవాడి తాతముత్తాతలను కూడా వదల్లేదు. "కొబ్బరినూనె రాసుకోవాలె అన్నా, లేకుంటే రాత్రంత పరేషాన్. నీకు దురద వెడుతలేదా?" అన్నాడు. లేదన్నాను. చేతులు ఎర్రగా పొక్కి ఉన్నాయి గానీ దురద లేదు.

గుడ్డ చక్కగా అతికినట్టు కూర్చుంది. ఒక్క ముడత లేదు. చూడ్డానికి బాగుంది.

అత్తమ్మ కోమల కుట్టుమిషన్ మీద మడతపెట్టిన బట్టలు పెట్టింది. తీసి మంచం మీద పెట్టాను. మళ్లీ పెట్టింది. మళ్లీ తీశాను.

జూన్ 5

డ్రైయర్ బాగానే నడుస్తోంది. పొట్టు పొడిగా వస్తోంది. ఇంట్లో బాగానే ఉంది.

జూన్ 6, గురువారం

లంగ చిరిగింది. కొత్తది. కుట్టు పొడుగునా పటపటమని తెగిపోయింది.

కారణం వెతకాల్సిన పని లేదు. డ్రమ్ము వేడెక్కితే ఉబ్బుతుంది. పైగా మా డ్రమ్ము తిన్నగా తిరగదు, కొంచెం ఊగుతుంది. గుడ్డకు వదులు లేకపోతే డ్రమ్ము దాన్ని పట్టుకుని తనతో పాటు ఈడ్చుకుపోతుంది. ఈ పనిలో చేరిన కొత్తలో నేర్చుకునే సంగతి ఇది. గోపాల్‌కు నేర్పింది నేనే.

"అన్నా, కొలతలు నువ్వే ఇచ్చినవా?" అన్నాడు.

"నేనే."

"మరి వదులు?"

"నేనే వద్దన్న."

మేనేజర్ వస్తే వాడే ముందుకెళ్లి, "దారం కచ్చిది సార్, బలం లేదు, కుట్టినాయన మోసం జేసిండు" అన్నాడు. జమ్మికుంటలో కూర్చున్న లింగమూర్తి మీదికి పోతుందని నేను కల్పించుకున్నాను. దారం కాదు సార్, కొలత నాదే తప్పు అన్నాను. మేనేజర్ కోప్పడతాడనుకున్నాను. పక్కకు తీసుకెళ్లి, "శ్యాంసుందర్ గారూ, మీరొక వారం సెలవు పెట్టండి. ఇంట్లో ఉండండి" అన్నాడు.

"వద్దు సార్" అన్నాను. ఇంట్లో ఉండి ఏం చెయ్యాలి?

ఇనుమేమన్న పెరుగుతదా అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

జూన్ 7, శుక్రవారం

ఇయ్యాల మిరుగం, మృగశిర కార్తె. పొద్దున్నే అత్తమ్మ సంచి పట్టుకుని మార్కెట్‌కు వెళ్లి రవ్వ చేపలు తెచ్చింది. "మిరుగం నాడు చేపలు నోట్లె పడకపోతే ఎట్ల?" అంది. ఇల్లంతా పులుసు వాసన. నిజానికి బాగుంది. రెండుసార్లు వడ్డించుకున్నాను.

హర్షిణి చేప ముక్కను పళ్లెం అంచున పెట్టుకుని వట్టి పులుసుతో తిని లేచిపోయింది. వద్దంటే అత్తమ్మ బలవంతం చేయలేదు. పళ్లెం తీసేశాక నాకు గుర్తొచ్చింది. ఆ పిల్లకు ముళ్లు తీసుకోవడం రాదు. కోమల తీసి పెట్టేది. పదమూడేళ్లొచ్చినా ఏంటే ఈ గారాబం అని నేనే వెక్కిరించేవాణ్ణి.

అత్తమ్మ నా ఎదురుగా కూర్చుంది.

"నీ మనసుల ఏమున్నదో నాకెర్కైతలేదు బిడ్డా. తీస్కపో అంటవా, అను. వద్దంటవా, అదన్న అను. ఉలుకవు, పలుకవు. నేనేమనుకోవాలె?"

"నీ ఇష్టం అత్తమ్మా."

"నా ఇష్టం అడుగుతలేను."

నేను గోడ వైపు చూశాను. గోడ మీద క్యాలెండర్ ఇంకా మే నెలలోనే ఉంది.

"గట్లయితే బుధారం పొద్దుగాల్ల బస్సుకు పోతం" అని లేచింది. "బుధారం బళ్లు తెరుస్తరు, మంగళారమేమో ఆడపిల్లను గడప దాటియ్యొద్దు. అటు మిరుగం వడ్డది, విత్తనాలు వెట్టాలె. ఇంక ఎన్ని దినాలుండాలె నేనీడ?"

సరే అన్నాను. అన్నానో, అనలేదో. తల ఊపినట్టు గుర్తు.

మంచిదే. అక్కడైతే వేళకు తింటుంది.

జూన్ 8, శనివారం

మళ్లీ జమ్మికుంట. లింగమూర్తి ఈసారి ఇంట్లో అందరూ బాగున్నారా అని అడగలేదు. లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేశాడు.

"మొన్న మంచిగనే అంటివి" అన్నాడు. "నిన్న గోపాల్ ఫోన్ జేసి చెప్పిండు."

"ఫిబ్రవరిల అయింది అన్నా."

"పిల్లెట్లున్నది?"

"వాళ్ల అమ్మమ్మ తీస్కపోతుంది. బుధవారం."

"ఆమె తీస్కపోతుందా, నువ్వు పంపుతున్నవా?"

ఆయన గుడ్డ పరిచి, సుద్ద తీసుకుని, "మడతెంత?" అన్నాడు. చుట్టూ రెండు వేళ్ల మందం అన్నాను.

"పిల్లల బట్టలకైతే నేను అడుగను గూడ అడుగ, మడత పెట్టే కుడుత. గిది ఇనుముది గద, నీకు ఎర్కే అనుకున్న" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అలా అనుకున్నాడు.

తీసుకుపోవడం, పంపడం. బస్సు దిగేదాకా ఆ రెండు మాటలే. నేనైతే పంపడం లేదు. వద్దని మాత్రం అనలేదు, అంతే.

జూన్ 10, సోమవారం

రెండో లంగ తొడిగాం. ముడతలు ముడతలుగా వేలాడుతోంది. మేనేజర్ చూసి, "ఇదేంటండీ, జారిపోతున్నట్టుంది?" అన్నాడు. వేడెక్కనివ్వండి సార్ అన్నాను.

ఇంట్లో సంచులు కట్టేశారు. తలుపు పక్కన వరసగా ఉన్నాయి. వాటిని దాటి లోపలికి వెళ్లాలి.

జూన్ 11, మంగళవారం

పొద్దున మంట పెట్టి డ్రమ్ము తిప్పాం. పక్కనే నిలబడ్డాను. వేడెక్కేకొద్దీ మడత కొంచెం కొంచెంగా విచ్చుకుంది. డ్రమ్ము ఊగినప్పుడల్లా గుడ్డ ఇటు కొంత అటు కొంత జరిగింది, పట్టు మాత్రం వదల్లేదు. మధ్యాహ్నానికి పొట్టు గలగలమంటూ పొడిగా వచ్చింది. గోపాల్ గుప్పెడు తీసి నా చేతిలో పోసి, "ఇగ ఫికర్ లేదన్నా, ఇంటికి పో. రేపు పిల్ల పోతుంది గద" అన్నాడు.

షట్‌డౌన్ అయిపోయింది. అయ్యాక చెప్తానన్నాను. చెప్పడానికి ఏమీ మిగల్లేదు, అంతా అయిపోయింది కదా అనుకుంటూ ఇంటికొచ్చాను.

ఇంకా వెలుతురు ఉంది. కాళ్లు కడుక్కుని వసారాలో కూర్చున్నాను. హర్షిణి లోపలి నుంచి వచ్చింది. కట్టిన సంచి విప్పి తీసినట్టుంది, చేతిలో బడి స్కర్టు. నీలం రంగుది. పోయిన జూన్‌లో కోమల కుట్టింది.

"బాపు, గీ మడత విప్పవా? పొట్టిగయింది."

కోమల దానికి కింద లోపలి వైపు రెండు మడతలు పెట్టింది. ఎనిమిదికి ఒకటి, తొమ్మిదికి ఒకటి. గుడ్డ గట్టిది, తొమ్మిది దాకా రావాలె అని పోరు పెట్టి మరీ మందం గుడ్డ కొనిపించింది.

లోపలి నుంచి అత్తమ్మ అంది, "ఆడ డ్రెస్సు వేరే ఉంటది గదనే. ఆకుపచ్చదో ఏందో. గదెందుకిప్పుడు?"

హర్షిణి స్కర్టు నా ఒళ్లో పెట్టి నిలబడింది.

బ్లేడు తెచ్చుకున్నాను. కోమల ఏది కుట్టినా రెండుసార్లు కుట్టేది. దారం ఒక పట్టాన రాలేదు. ఒక్కొక్క కుట్టు తెంపుతూ పోయాను. సగం విప్పాక మడత కిందికి జారింది. పైనంతా ఉతికి ఉతికి వెలిసిపోయింది. మడతలో ఉన్న గుడ్డ మాత్రం ముదురు నీలం, దుకాణంలో కొన్ననాటి రంగు.

అప్పుడు నాకు వెలిగింది. ఇది ఈ బడి స్కర్టు. బోథ్‌లో దీన్ని వేసుకోరు. అది ఈ పిల్లకు తెలుసు. తెలిసే సంచి విప్పి తెచ్చింది. పదిహేను రోజులుగా అడుగుతూనే ఉంది. పుస్తకాలు పెట్టాల్నా అని, ఆదివారం ఏం తింటవని. నేను పెట్టు అన్నాను, క్యాంటీన్ అన్నాను.

భయమేసింది. ఈ స్కర్టును ఇలాగే మడిచి ఇచ్చేస్తే రేపు పొద్దున బస్సెక్కి పోతుంది, ఇంక అడగదు. జన్మలో అడగదు.

"పోకు" అన్నాను.

"ఏంది?" అంది హర్షిణి.

"పోకు బిడ్డా. ఈడ్నే ఉండు. నాకు నువ్వు కావాలె."

హర్షిణి అలాగే నిలబడింది. తర్వాత ముఖం ఎర్రబడింది. ఏడుపు కాదు, కోపం.

"గీ మాట అనెటందుకు ఇన్ని దినాలా బాపు? నేను పోతే నీకు మంచిదే అనుకున్న. నన్ను చూస్తే అమ్మ యాదికొస్తది, అందుకే పొమ్మంటున్నవ్ అనుకున్న."

"పొమ్మనలే గద."

"ఉండుమనలే గద."

స్కర్టు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఆ పిల్ల ముందు ఏడవకూడదని. ఫిబ్రవరి నుంచి రానిది ఇప్పుడే రావాలా? హర్షిణి నా పక్కన కూర్చుని, "జర చూసుకో, బ్లేడున్నది" అంది.

అత్తమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింది. లోపలికి వెళ్లింది. కాసేపటికి సంచుల ముడులు విప్పుతున్న చప్పుడు వినిపించింది. ఆమెవి ఒకవైపు, పిల్లవి ఒకవైపు.

జూన్ 12, బుధవారం

ఒక పూట సెలవు పెట్టాను. హర్షిణి బడికి వెళ్లింది. స్కర్టు అంచు నిన్న నేనే చేత్తో కుట్టాను, వంకరటింకరగా. వెలిసిన నీలం కింద ముదురు నీలం పట్టీ, దూరం నుంచి కూడా కనిపిస్తోంది. పిల్లలు నవ్వుతారేమోనే అంటే "నవ్వనీ" అని వెళ్లిపోయింది.

అత్తమ్మను బస్టాండ్‌కు తీసుకెళ్లాను. ఆదిలాబాద్ బస్సు వచ్చేదాకా ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం.

"పోరికని కొత్త దుప్పటి కొని మంచం మీద పరిచి వచ్చిన" అంది, నా వైపు చూడకుండా. "కోడలు సుత అర్ర ఊడ్చి పెట్టింది."

"తప్పయింది అత్తమ్మా."

"తప్పని గాదు బిడ్డా. నా కోమల ఉన్నన్ని దినాలు నువ్వు నోరు తెరువకున్న నడిచింది. నీ మాటలన్ని అదే మాట్లాడేది. ఇగ నడువది."

చెంగుతో కళ్లు తుడుచుకుంది. బిడ్డ పోయిన తల్లికి పదిహేను రోజులు లేని ఆశ పెట్టి కూర్చోబెట్టాను. వద్దంటే ఆ రోజే ఏడ్చి ఊరుకునేది. బస్సు రాగానే నేను సీటు పట్టి సంచులు పైన పెట్టాను.

"మొగపిల్లగాని లెక్క పెంచకు" అని కిటికీలోంచి అంది. "ఏమన్న అయితే కోడలికి ఫోన్ జెయ్యుమను. దసరా సెలవులకు తోలియ్యి."

"నేనే తీస్కొస్త."

బస్సు కదిలాక కూడా ఆమె తల బయటే ఉంది.

జూన్ 13, గురువారం

డ్రైయర్ ఆగలేదు. లంగ పట్టుకునే ఉంది.

సాయంత్రం వెలుతురు ఉండగానే దండెం మార్చాను. వంటింటి వైపు గోడకు. హర్షిణి కింద స్టూలు పట్టుకుంది. మేకు వంగితే నవ్వింది. బట్టలు ఒక కొస నుంచి రెండో కొసదాకా ఆరేసింది.

క్యాలెండర్ తిప్పాను. రేపు చేపలు తెస్తాను. ముళ్లు తీయడం నాకూ పెద్దగా రాదు.

ఇది రాస్తుంటే రెండు చేతులూ మోచేతుల దాకా మండుతున్నాయి. ఒకటే దురద. పెన్ను పక్కన పెట్టి గోక్కోవడం, మళ్లీ రాయడం. హర్షిణి చూసి, "ఏమైంది బాపు?" అంది. గాజునార అన్నాను.

"అది ఎప్పటిసంది పట్టుకుంటున్నవ్! ఇన్ని దినాలు దురద పెట్టలేదా?"

"లేదు."

లోపలికి వెళ్లి కొబ్బరినూనె గిన్నె తెచ్చింది. చేతులు చాపమంటోంది.